ఫుల్ ఫ్రేమ్ కొంటే ఫొటో షార్ప్ అవుతుందా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల. పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీస్తాను. నా దగ్గర నికాన్ డీ7500, 18-140 లెన్సు ఉన్నాయి. ఎంగిలి పూల రోజు సాయంత్రం హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ తీస్తే ముఖాలు షార్ప్‌గా రాలేదు. ఫొటోలు పంపుతున్నాను. పాత నికాన్ డీ750 ఒకటి అమ్మకానికి వచ్చింది. ఫుల్ ఫ్రేమ్ కదా (వెలుతురును పట్టే సెన్సర్ పెద్దది), తీసుకోమంటారా?

జవాబు: తమ్ముడూ, మీ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. కింద పెట్టిన బతుకమ్మ మీద తంగేడు పూలు రేకు రేకుగా కనిపిస్తున్నాయి. చుట్టూ తిరిగే వాళ్ల ముఖాలు, చప్పట్లు కొట్టే చేతులు మాత్రమే చెదిరాయి. అంటే లెన్సుకు ఏ రోగమూ లేదు. షటర్ 1/50 సెకను పెట్టారు, అదీ సంగతి. లెన్సులోని వీఆర్ మీ చేతి వణుకును ఆపుతుంది గానీ ఆడేవాళ్ల అడుగులను ఆపదు. కనీసం 1/250 కావాలి. షటర్ ఐదో వంతు సేపే తెరుచుకుంటుంది కాబట్టి ఐదింతల వెలుతురు కావాలి.

అది ఎక్కడి నుంచి తెస్తారు? ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, మీది సుమారు 23.5×15.7. విస్తీర్ణంలో 2.3 రెట్ల తేడా. ఐఎస్ఓ (వెలుతురుకు సున్నితత్వం) లెక్కలో ఒక స్టాపు, అంటే రెట్టింపు, ఆ పైన కొంచెం. మీ కెమెరాలో 3200 దగ్గర కనిపించే గరుకు అందులో 6400 దగ్గర కనిపిస్తుందనుకోండి, అంతే. అదే మీ లెన్సును చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). 50 ఎంఎం 1.8 లెన్సు పెడితే దాదాపు పదింతల వెలుతురు వస్తుంది. ధరలో ఆ బాడీకీ (లెన్సు లేని కెమెరాకు) దీనికీ పోలికే లేదు. మీ కెమెరా మీద అది 75 ఎంఎంలా కనిపిస్తుంది కాబట్టి పోర్ట్రెయిట్లకూ పనికొస్తుంది. కాకపోతే 1.8 దగ్గర ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా కన్ను పోయి చెవి షార్ప్‌గా వస్తుంది. 2.2 దగ్గర మొదలుపెట్టండి.

ఇక ఫీచర్లు. డీ750 వచ్చింది 2014లో, మీది 2017లో. మీదాంట్లో 4కే వీడియో, టచ్ స్క్రీన్, సెకనుకు 8 ఫ్రేములు ఉన్నాయి. దాంట్లో మొదటి రెండూ లేవు, ఫ్రేములు 6.5. ఫోకస్ పాయింట్లు రెండింటిలోనూ 51 గానీ, దాంట్లో అన్నీ నడిమధ్యన గుమిగూడి ఉంటాయి. చిన్న సెన్సర్ కోసం చేసిన మీ 18-140ని దానికి తగిలిస్తే 24 మెగాపిక్సెళ్లలో పదే మిగులుతాయి, కాబట్టి లెన్సు ఖర్చు కూడా కలుపుకోండి. ఒక్క విషయంలో మాత్రం డీ750కే నా ఓటు: రెండు కార్డు స్లాట్లు. మీదాంట్లో ఒకటే. కార్డు పాడైతే తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా!

ముందు ఆ చిన్న లెన్సు కొని ఒక పెళ్లి సీజన్ నడపండి. తర్వాత కూడా మండపం చీకటిదే ఇబ్బంది అనిపిస్తే, అప్పుడు బాడీ గురించి చూద్దాం.

ప్రశ్న: రామప్ప గుడి మదనికలు తీయడానికి క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) చాలుతుందా? – హసన్‌పర్తి పాఠకురాలు

జవాబు: బేషుగ్గా చాలుతుందమ్మా. రాయి కదలదు, పగటి వెలుతురు ఉంటుంది. ఎఫ్/8 దగ్గర తీస్తే ఏది ఏ కెమెరాదో నేనూ చెప్పలేను. బొమ్మలు పైన చూరు కింద ఉంటాయి కాబట్టి క్రాప్ వల్ల దగ్గరగా కనిపించడం లాభమే. ఇబ్బందల్లా నల్లరాయి వెనక తెల్లటి ఆకాశంతోనే. స్పాట్ మీటరింగ్‌లో (ఒక్క చోటి వెలుతురునే కొలిచే పద్ధతిలో) పెట్టి రాతి మీదే కొలవండి.