గని లేని గనుల కంపెనీలో ఉద్యోగమా?

ప్రశ్న: మాది పులివెందుల దగ్గర పల్లె. మా అమ్మాయి ఇక్కడ ఎమ్మెస్సీ జియాలజీ చేసి, కెనడాలోని సస్కటూన్‌లో మళ్లీ మాస్టర్స్ పూర్తి చేసింది. యురేనియం, రాగి, నికెల్ కోసం వెతికే ఒక చిన్న కంపెనీ ఉద్యోగం ఇస్తామంది. దానికి ఒక్క గనీ లేదు, ఆదాయం లేదు, ఏటా నష్టాలే. షేరు ధర పావు డాలరు. ఇది మోసం కంపెనీయా? అసలు యురేనియం దగ్గరికి ఆడపిల్లను పంపొచ్చా?
– ఒక తండ్రి, కడప జిల్లా

జవాబు: అయ్యా, ఆదాయం లేనంత మాత్రాన మోసం కాదు. కెనడాలో వీటిని జూనియర్ కంపెనీలంటారు. షేర్లు అమ్మి డబ్బు తెచ్చుకోవడం, బోర్లు వేసి ఖనిజం వెతకడం, దొరికితే పెద్ద కంపెనీకి అప్పగించడం, ఇదే వాటి వ్యాపారం. సస్కచెవాన్ ఉత్తరాన అథబాస్కా బేసిన్‌లో రఫ్‌రైడర్ నిక్షేపాన్ని 2008లో కనిపెట్టింది హాథోర్ అనే ఇలాంటి చిన్న కంపెనీయే. కెనడా యురేనియం దిగ్గజం కామెకోతో పోటీపడి, రియో టింటో అనే పెద్ద గనుల కంపెనీ హాథోర్‌ను సుమారు 65 కోట్ల కెనడా డాలర్లకు కొనుక్కుంది. అలా కలిసొచ్చేది ఏ కొద్దిమందికో. చాలా కంపెనీలు ఏళ్ల తరబడి బోర్లు వేసి ఏమీ దొరక్క కనుమరుగైపోతాయి.

అయినా అందరూ అక్కడికే ఎందుకు పరిగెడతారంటే, మీ పక్కనున్న తుమ్మలపల్లె యురేనియం గనిలో టన్ను రాయికి యురేనియం అర కిలోకు అటూ ఇటూ. అథబాస్కాలోని సిగార్ లేక్ గనిలో టన్నుకు వంద కిలోల పైనే.

నాకు భయమల్లా ధరల గురించే. 2007లో పౌను యురేనియం 130 డాలర్లు దాటింది. 2011లో ఫుకుషిమా ప్రమాదం తర్వాత పడుతూ పడుతూ 2016 చివరికి 20 డాలర్ల లోపుకొచ్చింది. 2024 జనవరిలో మళ్లీ వంద దాటింది. ధర పడితే మొదట ఆగేది జూనియర్ల డ్రిల్లింగే. నన్ను అడిగే 2015లో వెళ్లిన ఒక కుర్రాడికి ఏడాది తిరక్కుండానే ఉద్యోగం పోయింది. కంపెనీ చేతిలో ఎంత డబ్బుందో చూసుకోమని నేను చెప్పి ఉండాల్సింది. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే మీ అమ్మాయిని, కెనడా లిస్టెడ్ కంపెనీల లెక్కలన్నీ ఉండే సెడార్ ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ కంపెనీ తాజా త్రైమాసిక లెక్కలు తియ్యమనండి. చేతిలో నగదెంత, మూడు నెలల ఖర్చెంత? ఏడాదికి సరిపడా డబ్బు లేకపోతే చేరొద్దు. 'సంస్థ కొనసాగుతుందో లేదో సందేహమే' అన్న వాక్యం కనబడితే మాత్రం హడలిపోకండి, అది దాదాపు ప్రతి జూనియర్ లెక్కల్లోనూ ఉంటుంది.

ఇక రేడియేషన్. ఆమె గనిలోకి దిగదు. సరస్సులు గడ్డకట్టాక మంచు మీద రిగ్గు నిలబెట్టి బోరు వేస్తారు. పైకొచ్చిన రాతి కడ్డీలను, అంటే కోర్‌ను, చెక్కపెట్టెల్లో వరుసగా పేర్చి షెడ్డుకు తెస్తారు. ఆమె భూతద్దం పట్టుకుని అంగుళం అంగుళం చూసి రాసుకోవాలి. పక్కన సింటిలోమీటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) పెడితే మామూలు ఇసుకరాయి దగ్గర అంకె తక్కువగా ఉంటుంది, ఖనిజం తగిలిన చోట ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలాంటి పెట్టెలను విడిగా, దూరంగా పెట్టాలి. షెడ్డులో గాలి ఆడాలి, తిండి తినకూడదు, చేతులు కడుక్కోకుండా బయటికి రాకూడదు. అక్కడి అణు కార్మికులకు చట్టం పెట్టిన హద్దు ఏ ఒక్క ఏడాదైనా 50 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత), ఐదేళ్లకు కలిపి 100. డోస్ కొలిచే బ్యాడ్జీ ఇస్తారా, ఆ రీడింగులు తనకు చూపిస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగమనండి. తటపటాయించే చోట వద్దే వద్దు.

ఇంకొకటి, చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటున్నారు. పర్మనెంట్ రెసిడెన్సీ కోసం కెనడా అనుభవం లెక్కలో 1,560 గంటలు కావాలి, కానీ వారానికి 30 గంటలకు మించి లెక్కలోకి రావు. క్యాంపులో రోజుకు 12 గంటలు పనిచేసినా మూడు నెలల సీజన్‌కు వచ్చేది 390 గంటలే. కాబట్టి సీజన్ కాంట్రాక్టు కాకుండా, వేసవిలో ఆఫీసు పని కూడా ఉండే పూర్తికాలం ఉద్యోగం అడగాలి.

అక్కడి సీనియర్ జియాలజిస్టు ఎవరో కూడా కనుక్కోండి. బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ ఇండోనేషియాలో నమూనాల్లో బంగారం కలిపి లోకాన్ని నమ్మించి, 1997లో దొరికిపోయింది. ఆ తర్వాతే, ఖనిజ ఫలితాలకు అర్హత గల నిపుణుడు బాధ్యత వహించాలన్న నిబంధన 2001లో వచ్చింది. జూనియర్ కంపెనీలో ఒక్క బోరు ఫలితంతో షేరు ధర ఒక్క రోజులో మారిపోతుంది, కాబట్టి 'కొంచెం బాగా రాయమ్మా' అనే ఒత్తిడి రావచ్చు. పేరున్న, ఓపిగ్గా నేర్పే పెద్దాయన పైనుంటే అదే ఆమెకు రక్షణ. పీ.జియో, అంటే కెనడాలో జియాలజిస్టుగా స్వతంత్రంగా పనిచేసే లైసెన్సుకు కావలసిన నాలుగేళ్ల అనుభవానికి సాక్ష్యం చెప్పాల్సిందీ ఆయనే. చేరగానే సస్కచెవాన్ వృత్తి సంఘంలో ట్రెయినీగా నమోదు చేసుకోమనండి.

ఇవి కుదిరితే నిశ్చింతగా పంపండి. రెండేళ్లలో పాతిక బోర్ల కోర్ చూసిన అమ్మాయికి ఆ కంపెనీ మూతపడినా పని దొరుకుతుంది. తిరిగొచ్చేస్తానంటే యూపీఎస్సీ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది, జనరల్ కేటగిరీకి వయసు 32 దాకానే. యురేనియం వెతికే కేంద్ర సంస్థ ఏఎండీ ప్రధాన కార్యాలయం మన బేగంపేటలోనే ఉంది, దాని నోటిఫికేషన్లనూ ఒక కంట కనిపెట్టమనండి.