పెట్రోలు మిగులుతో స్కూటరు ఈఎంఐ తీరుతుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 33. మందుల ఏజెన్సీలో పని. రోజూ మెడికల్ షాపులు తిరగాలి, 40 కిలోమీటర్ల దాకా అవుతుంది. జీతం 32,000. ఇంట్లో భార్య, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న. పెట్రోలుతో కలిపి నెల ఖర్చు 24,500. లక్ష రూపాయల చిట్టీకి సగటున 4,500 కడుతున్నాను, ఇంకా 8 నెలలు ఉంది. బ్యాంకులో 38 వేలు ఉన్నాయి. 1.35 లక్షల ఎలక్ట్రిక్ స్కూటరు చూశాను. 1.10 లక్షలు ఫైనాన్సు, 9 శాతం వడ్డీ, 36 నెలలు, ఈఎంఐ 3,880. డౌన్ పేమెంటు 25 వేలు లోన్ యాప్‌లో తీసుకుంటే ఆరు నెలలు 4,650 చొప్పున కడితే సరిపోతుంది, పొదుపు కదపక్కర్లేదు. పెట్రోలు మిగులుతో ఈఎంఐ వెళ్లిపోతుంది, పన్ను మినహాయింపు కూడా ఉందట. 2026 మార్చితో సబ్సిడీ అయిపోతుందని షోరూమ్ వాళ్లు తొందర పెడుతున్నారు. చిట్టీ పాడేసుకుని కొనమని మా బావ అంటున్నాడు. పాత బైకు ఎక్స్‌చేంజీలో ఇవ్వొచ్చా?

జవాబు: స్కూటరు మంచిదే. పొగ ఉండదు, మీలా రోజంతా తిరిగేవాళ్లకు ఖర్చూ తగ్గుతుంది. కానీ మీరు కొనాలనుకుంటున్న పద్ధతి మాత్రం వద్దు. మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 'పెట్రోలు డబ్బుతోనే ఈఎంఐ కట్టేస్తా' అనే మాట ఈ మధ్య నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో మనిషి నోటా వింటున్నాను. కాగితం మీద పెట్టి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

పెట్టి చూద్దాం. నెలకు 25 రోజులు తిరిగితే 1,000 కిలోమీటర్లు. మీ బైకు లీటరుకు 50 ఇస్తుందనుకుంటే 20 లీటర్లు, లీటరు 107 చొప్పున 2,140 రూపాయలు. స్కూటరు అంతే దూరానికి, ఛార్జింగులో వృథాతో కలిపి, ఓ 35 యూనిట్లు తాగుతుంది. ఇంట్లో ఫ్రిజ్, మోటారు ఉన్నాక ఈ అదనపు యూనిట్లు పై శ్లాబులోనే పడతాయి కాబట్టి యూనిట్ 8 రూపాయలు వేసినా 280. అంటే మిగిలేది 1,860. ఈఎంఐ 3,880. సగం కూడా రాలేదు.

ఇక లోన్ యాప్. జీతంలో ఖర్చులు, చిట్టీ పోను ఇప్పుడు మీకు మిగులుతున్నది 3,000. దానికి పెట్రోలు మిగులు కలిపితే 4,860. స్కూటరు ఈఎంఐ తీసేస్తే 980. ఇందులోంచి యాప్‌కు 4,650 ఎలా కడతారు? నెలకు 3,670 తక్కువ పడుతుంది. ఆరు నెలలకు 22 వేలు. అది ఎక్కడి నుంచి వస్తుంది? కదపక్కర్లేదన్న ఆ 38 వేల నుంచే. పొదుపును కాపాడుకోవడానికి అప్పు చేసి, ఆ అప్పు తీర్చడానికి అదే పొదుపును కరిగిస్తారన్నమాట. ఆరు నెలల తర్వాత ఖాతాలో 16 వేలు ఉంటాయి. మీ జీతం పదో తేదీన పడి ఈఎంఐ ఐదో తేదీన కోసుకునేలా ఉంటే, ఒక్కసారి బౌన్స్ అయినా ఫైనాన్స్ కంపెనీ ఒక ఛార్జీ, బ్యాంకు ఇంకో ఛార్జీ వేస్తాయి. అప్పులు ఎలా తీర్చారో చూపే సిబిల్ స్కోరు సంగతి సరే సరి.

ఇంటి ఖర్చు 24,500 ఉన్న మనిషికి 38 వేలంటే నెలన్నర బతుకు. ఐదుగురు మీ జీతం మీదే ఉన్నారు. నాన్నగారు ఆసుపత్రిలో చేరినా, ఏజెన్సీ చేతులు మారి రెండు నెలలు జీతం ఆగినా, ఆ నెలన్నర తర్వాత మీకున్న దారి మళ్లీ ఆ యాపే. నాలుగు నెలల ఖర్చు, అంటే లక్ష రూపాయలు, పక్కన పెట్టే దాకా ఏ వాహనం కోసమూ పొదుపు ముట్టుకోవద్దు. అది ఎఫ్‌డీలో పెడతారా, వేరే సేవింగ్స్ ఖాతాలోనా అన్నది మీ ఇష్టం. ఫోన్‌పే, గూగుల్ పేలకు కలిపిన ఖాతాలో మాత్రం ఉంచకండి, అక్కడ ఉన్న డబ్బు టీ కొట్టుకీ కిరాణాకీ తెలియకుండానే వెళ్లిపోతుంది.

'9 శాతం' దగ్గర కూడా మోసపోకండి. 1.10 లక్షల మీద ఏడాదికి 9 శాతం చొప్పున మూడేళ్ల వడ్డీ 29,700. అసలుతో కలిపి 36తో భాగిస్తే సరిగ్గా మీరు రాసిన 3,880 వస్తోంది. అంటే ఇది ఫ్లాట్ వడ్డీ. తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల దాకా వడ్డీ కడుతూనే ఉంటారు. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఇది 16 శాతం పైమాటే. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు ఇచ్చేవాళ్లు ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల కాగితం, చేతికివ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఫీజులతో కలిపి ఏడాదికి నిజంగా పడే వడ్డీ శాతం అదే. షోరూమ్ కుర్రాడి మాట పక్కన పెట్టి దాన్ని చూడండి. యాప్ వాళ్లనూ అదే అడగండి, ప్రాసెసింగ్ ఫీజు కలిపాక వచ్చే ఏపీఆర్ చూస్తే మీకే మనసు విరిగిపోతుంది.

సబ్సిడీ తొందర సంగతి. ఎలక్ట్రిక్ వాహనాలకు కేంద్రం సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద 2025 ఏప్రిల్ నుంచి ద్విచక్ర వాహనానికి నిర్ణయించింది బ్యాటరీ సామర్థ్యంలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు 2,500, ఎంత పెద్ద బ్యాటరీ అయినా 5,000 మించదు. ఐదు వేలు పోతాయని దాదాపు ముప్పై వేల వడ్డీ నెత్తిన పెట్టుకుంటారా? 2023 జూన్‌లో అంతకు ముందున్న కేంద్ర పథకం ఫేమ్ సబ్సిడీ కోసినప్పుడూ ఇక ధరలు దిగవన్నారు. మరుసటి ఏడాదికే టీవీఎస్, బజాజ్, ఓలా లక్ష లోపు మోడళ్లు తెచ్చాయి. తెలంగాణలో మీకు అసలైన లాభం రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజుల మినహాయింపు. అది 2026 డిసెంబరు 31 దాకా ఉంది, మీ చిట్టీ అంతకు ముందే అయిపోతుంది.

పన్ను మినహాయింపు మర్చిపోండి. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80ఈఈబీ కింద ఎలక్ట్రిక్ వాహనం అప్పు వడ్డీకి మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే. పైగా మీ జీతానికి కట్టాల్సిన పన్నే లేదు.

చిట్టీ ఇప్పుడు పాడొద్దు. చివరి దాకా ఉంచితే కమీషన్ పోను సుమారు 95 వేలు చేతికొస్తాయి. ఈ 8 నెలలూ మిగిలే మూడు వేలు జమచేస్తే 24 వేలు, ఇప్పుడున్న 38 వేలతో కలిపి మొత్తం 1.57 లక్షలు. లక్ష పక్కకు పోను 57 వేలతో షోరూముకు వెళ్లండి. ఈసారి 1.35 లక్షల బండి అక్కర్లేదు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు లక్ష చుట్టూ ఉండే చిన్న బ్యాటరీ మోడలు చాలు, రాత్రి ఛార్జింగ్ పెడితే మర్నాటికి సరిపోతుంది. 45 వేలకు ఏడాదిన్నర అప్పు తీసుకుంటే ఈఎంఐ 2,800 చుట్టూ ఉంటుంది. అప్పటికి చిట్టీ కట్టే 4,500 కూడా చేతిలో మిగులుతుంది. ఈ 8 నెలలూ పెట్రోలుకు 15 వేల దాకా ఎక్కువ పోతుందని మీరు అంటారు. నిజమే, పోనివ్వండి.

పాత బైకు ఎక్స్‌చేంజీలో ఇవ్వకండి, అమ్మకండి కూడా. బండి మీదే మీ ఉద్యోగం నడుస్తోంది. ఎలక్ట్రిక్ స్కూటర్లకు ఒక పార్టు రావడానికి వారాలు పట్టిన సందర్భాలు ఉన్నాయి. అన్ని రోజులు షాపులు ఎలా తిరుగుతారు? అద్దె ఇల్లయితే ఛార్జింగ్ పాయింటుకు ఓనరు ఒప్పుకుంటారో లేదో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఇన్సూరెన్సు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కొత్త బండికి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా, ఐదేళ్లకు కట్టించుకుంటారు, దాంతో ఐదేళ్లూ బీమా ఉందనుకుంటారు. బండికి జరిగే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజీ మాత్రం సాధారణంగా మొదటి ఏడాదికే ఉంటుంది. 2025 అక్టోబరులో మొంథా తుపానుకు మీ హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో మీరు చూసే ఉంటారు. నీళ్లలో నానిన స్కూటరుకు థర్డ్ పార్టీ పాలసీ పైసా ఇవ్వదు, కంపెనీ వారంటీ కూడా వరద నష్టానికి సాధారణంగా వర్తించదు. బ్యాటరీ మార్చాలంటే మోడలును బట్టి యాభై, అరవై వేలు. కొన్న రోజే పాలసీ కాగితంలో ఓన్ డ్యామేజీ ముగిసే తేదీ చూసి ఫోనులో రిమైండర్ పెట్టుకోండి. బ్యాటరీకి తరుగుదల కోయని జీరో డెప్ తీసుకోండి. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీలో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.