బహిష్కరణా? మినహాయింపా?

సందేహం: ఇంగ్లీషు గళ్ళ నుడికట్టులో 'చేర్చకుండా బయట ఉంచడం' అనే అర్థం వచ్చే ఆధారం ఇచ్చారు. 9 గళ్ళు. మొదట ఈ, ఎక్స్. చివర ఐ, ఓ, ఎన్ అప్పటికే పడ్డాయి. ఎక్స్‌క్లూజన్, ఎక్స్‌పల్షన్, ఎగ్జెంప్షన్, ఎక్సెప్షన్ నాలుగూ ఇముడుతున్నాయి. తెలుగు అర్థాలతో తేల్చుకుందామంటే బహిష్కరణ, మినహాయింపు అన్న రెండు మాటలే మళ్ళీమళ్ళీ ఎదురవుతున్నాయి. వీటిని తెలుగులో విడదీసి చెప్పడమెలా?

సమాధానం: మీ ఆధారానికి జవాబు ఎక్స్‌క్లూజన్. గళ్ళలో అయితే 3, 6 గళ్ళకు అడ్డం పడే పదాలు ముందు నింపండి. ఆరో గడిలో ఎస్ వస్తే ఎక్స్‌క్లూజన్ గానీ ఎక్స్‌పల్షన్ గానీ. టీ వస్తే మిగిలిన రెండింట్లో ఒకటి. మూడో గడితో అదీ తేలిపోతుంది. ఎస్ ఉన్న జంటలో సీ అయితే ఎక్స్‌క్లూజన్, పీ అయితే ఎక్స్‌పల్షన్. టీ ఉన్న జంటలో సీ అయితే ఎక్సెప్షన్, ఈ అయితే ఎగ్జెంప్షన్.

అర్థం దగ్గరికొస్తే, లోపల ఉన్నవాణ్ణి బయటికి పంపితే ఎక్స్‌పల్షన్. పార్టీ నుంచి బహిష్కరణ అంటాం, సరైన మాటే. అసలు లోపలికే రానివ్వకపోతే ఎక్స్‌క్లూజన్. దీనికి బహిష్కరణ పూర్తిగా అతకదు. జాబితాలో పేరు చేర్చకపోతే 'చేర్చలేదు', 'వదిలేశారు' అనాలి, 'బహిష్కరించారు' అనకూడదు. మనుషుల విషయంలో మనకు వెలి అనే అచ్చతెలుగు మాట ఉంది. వెలుపల, వెలివాడ, వెలివేత అన్నీ దాని చుట్టాలే. ఊళ్ళో ఉంటూనే నీళ్ళకూ పనికీ పలకరింపుకూ దూరం చేయడాన్ని వెలివేత అన్నంత సూటిగా మరే మాటా చెప్పదు.

బహిష్కరణకు ఇంకో చిక్కుంది. బాయ్‌కాట్‌కూ అదే వాడుతున్నాం. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో ఒక భూస్వామి దగ్గర ఏజెంటుగా ఉన్న చార్లెస్ బాయ్‌కాట్‌కు రైతులూ కూలీలూ సహకారం మానేయడంతో పుట్టిన మాట అది. 'ఎన్నికలను బహిష్కరించారు' అంటే తామే దూరంగా ఉన్నారని. 'సభ్యుణ్ణి బహిష్కరించారు' అంటే అతణ్ణి పంపేశారని. ఎవరు ఎవరికి దూరమయ్యారో వాక్యమే చెప్పాలి కాబట్టి కర్తను మింగేయకండి. రాసేటప్పుడు ష్క సరి, స్క తప్పు: బహిః తర్వాత క వస్తే విసర్గ ష అవుతుంది.

ఇక మినహాయింపు. అరబ్బీలో 'దానిలో నుంచి' అని అర్థమిచ్చే మిన్‌హా, ఉర్దూ మీదుగా లెక్కల భాషగా మనకొచ్చింది. భారం తీసేస్తే ఎగ్జెంప్షన్. పన్ను మినహాయింపు అందుకు తగిన మాట. నియమానికి లొంగని ఉదాహరణ ఎక్సెప్షన్. వ్యాకరణంలో దాన్ని అపవాదం అంటారు కానీ, మామూలు పాఠకుడికి అపవాదు అంటే నింద. అందుకని 'ఈ నియమానికి ఇది మినహాయింపు' అనడమే మేలు.

అసలు నష్టం బీమా పత్రాల్లో జరుగుతోంది. ఎక్స్‌క్లూజన్స్‌ను మినహాయింపులు అని అచ్చువేస్తే, పన్ను మినహాయింపు అలవాటున్న పాఠకుడు తనకేదో లాభం కాబోలనుకుంటాడు. అక్కడున్నది పాలసీ డబ్బు ఇవ్వని చికిత్సల జాబితా. 'పాలసీ వర్తించనివి' అని రాస్తే ఎవరూ మోసపోరు.

వాక్యంలో తప్ప, కాక కూడా తారుమారవుతున్నాయి. 'రవి తప్ప నలుగురూ వచ్చారు' అంటే రవి రాలేదు. 'రవి కాక నలుగురు వచ్చారు' అంటే రవితో కలిపి ఐదుగురు. రెండో అర్థానికి 'మినహా' పెట్టకండి.

తెలుగు గళ్ళలోనూ ఇదే తంటా: బహిష్కరణ, మినహాయింపు రెండూ 5 గళ్ళే. ష్క ఒక గడి, యిం ఒక గడి. రెండో గడిలో హి పడిందా, న పడిందా చూసుకోండి.