ఇంటి లెక్క: అన్నీ పెరిగాయి, నీ కూలి తప్ప

ప్రశ్న: పిన్నీ, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా ఆయన బట్టల కొట్లో గుమాస్తా, జీతం 14,000. నేను ఇంట్లో మిషను కుడతాను. జాకెట్టుకి వంద చొప్పున నెలకి పాతిక దాకా వస్తాయి. ఇద్దరు పిల్లలు, ఎనిమిదో తరగతి ఒకరు, ఐదో తరగతి ఒకరు. అత్తగారికి బీపీ, షుగరు. అద్దె 3,000, సరుకులు 5,000, పాలూ కూరలూ 2,200, గ్యాసు 900, కరెంటు 500, స్కూలు వ్యాను 1,000, ట్యూషను 800, మందులు 1,300, ఫోన్లు 700. ఆడపడుచు పెళ్ళికి తెచ్చిన 60,000కి నూటికి మూడు చొప్పున వడ్డీ 1,800. నెలాఖరుకి ఎప్పుడూ కిరాణా కొట్లో ఖాతా పెడుతున్నాను. నూనె తగ్గించాను, పప్పు పల్చన చేశాను, ఇంకేం తగ్గించాలో తెలీడం లేదు. మా అక్క పక్కనే, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉంటుంది. దానికి తల్లికి వందనం డబ్బులొచ్చాయి, గ్యాసు ఉచితం, బస్సు ఉచితం. మాకేమో ఆంధ్రా కాదంటారు. మేం ఏ గట్టుకీ చెందం. నా తెలుగు కలగాపులగంగా ఉంటుంది, తప్పులుంటే క్షమించండి.
- ఓ చెల్లి

జవాబు: ముందు ఆ ఆఖరి మాట సంగతి. గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా పనిచేసిన ఊరమ్మా ఇది. మాట్లాడుకునే తెలుగులోనే రాయాలని ఆయన పోరాడింది ఇక్కడ ఉండే. నువ్వు మా వీధి తెలుగులో రాస్తే నేను క్షమించడమేమిటి!

నీ అంకెలు రెండుసార్లు కూడాను. ఖర్చు 17,200, రాబడి 16,500. అంటే నెలకి 700 లోటు. అది నూనెలోనూ లేదు, పప్పులోనూ లేదు. నువ్వు రాసిన పద్దుల్లో ఒకటి పదేపదే చదివాను: జాకెట్టుకి వంద. ఆ వంద ఎప్పటి వంద? మన వీధిలో కుట్టేవాళ్ళని అడిగితే రెండేళ్ళ కిందట కూడా అదే కూలి అన్నారు. ఈలోగా దారం పెరిగింది, హుక్కులు పెరిగాయి, మిషను తిప్పే కరెంటు పెరిగింది, నీ ఇంటి ఖర్చు పెరిగింది. అన్నిటికీ జనం ధర పెంచారు, నువ్వొక్కదానివే పెంచలేదు. నూటముప్పై చెయ్యి. పాతిక జాకెట్లకి 750. లోటు పూడింది, ఏభై మిగిలింది. ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోతారేమో, పోనీ. దసరాకి కుట్టించుకోడానికి మళ్ళీ వచ్చేది నీ దగ్గరికే. మొహమాటపడి పాత వాళ్ళకి వందా, కొత్త వాళ్ళకి నూటముప్పై అని మొదలుపెట్టకు, ఆ సంగతి కొత్త వాళ్ళ చెవిన పడకుండా ఉండదు. మిషను పక్కన గోడకి ఒక కాగితం మీద రేట్లు రాసి అంటించు. కాగితం మాట్లాడితే మనం మాట్లాడక్కర్లేదు.

ఇక అసలు గండి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. పెళ్ళయి రెండేళ్ళయిందనుకుందాం. 43,200 కట్టేశావు, అసలు 60,000 అలాగే కూర్చుంది. మూడో ఏడూ ఇంతే, నాలుగో ఏడూ ఇంతే. దీన్ని రూపాయి వడ్డీకి మార్చు. అదే 1,800 నెలనెలా కడితే మొదటి నెల 600 వడ్డీకి పోయి 1,200 అసల్లోంచి తగ్గుతుంది, రెండో నెల వడ్డీ ఇంకాస్త తగ్గుతుంది. 41 నెలల్లో అప్పు సున్నా. చేతినుంచి ఒక్క రూపాయి ఎక్కువ పెట్టక్కర్లేదు. ఈ లెక్క నేను ఇరవై ఏళ్ళు మా సంఘం పద్దు రాస్తూ చాలామందికి వేసి చూపించాను. చూపించిన ప్రతిసారీ ఆడవాళ్ళు ఒక్క నిమిషం మాట్లాడరు.

రూపాయి వడ్డీ ఎక్కడ దొరుకుతుంది? నీకు మిషన్ శక్తి సంఘం, అంటే ఆడవాళ్ళ పొదుపు సంఘం, ఉంటే అదే. లేకపోతే మెడలో గొలుసో చెవి దుద్దులో తీసుకుని బ్యాంకుకి వెళ్ళు, బంగారం మీద అప్పు సాధారణంగా ఆ లెక్కకి లోపే పడుతుంది. బంగారం మీద మనకి సెంటిమెంటు, నాకూ ఉంది. మా పెద్దాడు పుట్టినప్పుడు పెట్టిన గొలుసు తాకట్టు పెట్టి నేను మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చాను. రెండేళ్ళలో విడిపించుకున్నాను. ఆ రెండేళ్ళూ పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు పైట కప్పుకుని వెళ్ళాను, అంతే. ఒక్కటి మాత్రం చెయ్యకు: ఇంటికొచ్చి వారం వారం వసూలు చేసే గ్రూపు లోను తీసి ఈ అప్పు తీర్చకు. చెప్పు మార్చినా ముల్లు కాల్లోనే ఉంటుంది.

అక్క సంగతి. సరిహద్దు గీత 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పటిది. దాన్ని నేనూ నువ్వూ జరపలేం. అవతల తల్లికి వందనం కింద ఒక్కో పిల్లకి 13,000 చేతికి వచ్చింది, దీపం కింద ఏడాదికి మూడు సిలిండర్లు, నిజమే. కానీ ఇవతలి వైపు నీ పేరున ఉన్నది తీసుకున్నావా? సుభద్ర పథకం 2024 సెప్టెంబర్ 17న మొదలైంది. 21 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళకి, రేషను కార్డున్న ఇంటికి, ఐదేళ్ళలో 50,000. ఏటా రెండు వాయిదాలు, రాఖీ పున్నమికి 5,000, మార్చి 8కి 5,000. నీ ఉత్తరంలో దీని మాటే లేదు. బహుశా పాతపట్నం పుట్టింటి చిరునామాతో ఆధార్ ఉంది, పుట్టింటి రేషను కార్డులోనే పేరు కూడా ఉండిపోయింది. ఈ ఊళ్ళో కోడళ్ళలో ఇది నేను చాలామందిలో చూశాను. ముందు అక్కడ పేరు తీయించు, ఆధార్ చిరునామా మార్పించు, ఇక్కడి కార్డులో ఎక్కించు, బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిపించు. తర్వాత అంగన్వాడీలోనో, మీసేవ లాంటి మో సేవా కేంద్రంలోనో దరఖాస్తు. రెండు మూడు పూటలు కుట్టు ఆగుతుంది, ఆగనీ.

పేరు ఎక్కితే బియ్యం కూడా వస్తుంది. తలకి నెలకి 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం. ఐదుగురుంటే పాతిక కిలోలు. సన్నబియ్యం లేకపోతే పిల్లలు తినరంటారా? ఇడ్లీకి, అట్టుకి, తరవాణికి రేషను బియ్యమే బాగుంటుంది. ఎండాకాలం పొద్దుటే తరవాణి, ఉల్లిపాయ, పచ్చిమిరప. ఒడియా వాళ్ళు పఖాళ అని గొప్పగా తింటున్నారు, మన ఇళ్ళలో పిల్లలు చిన్నతనంగా చూస్తున్నారు. వారానికి రెండు పూటలు చోడి (రాగి) అంబలి కూడా పెట్టు, అత్తగారి షుగరుకి ఎంత తాగాలో డాక్టరుని అడిగి.

అత్తగారి మందుల 1,300 ముట్టుకునే ముందు ఒకసారి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళు. నిరామయ అనే ఉచిత మందుల కౌంటర్లో బీపీ, షుగరు మాత్రలు ఇస్తారు. అక్కడ లేనివి జనఔషధి దుకాణంలో కొను, అదే మందు పేరు వేరు. డాక్టరు మార్చమంటేనే మార్చు, ఖర్చుకి భయపడి మాత్ర మానేయొద్దు.

నూనె ధర ఎందుకు మండిందంటే, 2024 సెప్టెంబర్‌లో దిగుమతి నూనెల మీద సుంకం పెంచారు. 2025 మే 30న ముడి నూనెల మీద కొంత తగ్గించారు. మనం చేసేది డబ్బాలోంచి వంచకుండా గరిటెతో కొలిచి వెయ్యడం, అంతకన్నా లేదు. సబ్బు, పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 18 శాతం నుంచి 5కి దిగింది. కొట్లో పాత ధర వేస్తుంటే అడుగు. ఫోన్ల 700 మీద నేనేమీ అనను, మీ ఇంట్లో మీరే అనుకోండి.

పప్పు పల్చన చెయ్యకు. పిల్లల ఎముకల దగ్గర పొదుపు వద్దు. దానికి బదులు కందులు కొను. మాఘమాసం చుట్టుపక్కల సవరవాళ్ళు కొండ కందులు సంతకి దించుతారు. కిలో కందులు విసిరి చెరిగితే పప్పు 700 గ్రాములు వస్తుంది. పప్పు 130 ఉంటే కందులు 90 లోపు దొరికితేనే లాభం, ఆ పైన ఉంటే పప్పే కొను. చింతపండు, అల్లం, పసుపు కూడా ఆ కాలంలోనే ఏడాదికి సరిపడా. ఒక్క మాట: పొద్దుటే కొండ దిగి, నెత్తిన గంప పెట్టుకుని నడిచొచ్చిన మనిషి దగ్గర బేరమాడి రెండు రూపాయలు తగ్గించుకోడం మాత్రం పొదుపు కాదు.

ప్రశ్న: అక్కా, రాయగడలో అద్దెకుంటున్నాం, ఇద్దరమే. గ్యాసు మానేసి ఇండక్షన్ స్టవ్ పెట్టుకుంటే మిగులుతుందా?

జవాబు: ఒక సిలిండరులో 14.2 కిలోల గ్యాసు. స్టవ్ మంట పక్కలకి పోయింది పోగా ఆ పని ఇండక్షన్ మీద సుమారు 130 యూనిట్లలో అవుతుంది. మన వైపు నెలకి 50 దాటి 200 లోపు యూనిట్ ధర ఐదు రూపాయల్లోపే కనక 650లోపు పడుతుంది. సిలిండరు 900 ఇచ్చి కొనేవాళ్ళకి లాభమే. ఉజ్జ్వల కనెక్షనుంటే మాత్రం సిలిండరుకి 300 తిరిగొస్తాయి, అప్పుడు ఇండక్షన్ మీద మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఏసీ, గీజరు ఉండి ఇప్పటికే 200 యూనిట్లు దాటుతుంటే ఈ పైన వాడేదానికి పెద్ద రేటు పడుతుంది, అది కూడా చూసుకో. కొనేముందు మీ గిన్నెల అడుగున అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కోకపోతే కొత్త గిన్నెల ఖర్చు వేరే. సిలిండరు తిరిగిచ్చేయకు. వాన పడిన రాత్రి కరెంటు పోతే ఇద్దరూ అటుకులు తినాలి.

ప్రశ్న: కాశీనగర్ నుంచి. నెల సరుకులు ఆంధ్రా వైపు వెళ్ళి తెచ్చుకుంటే చవకని చుట్టాలంటున్నారు. నిజమేనా?

జవాబు: చీటీ రాసుకుని రెండు వైపులా ఒకే రోజు నేను అడిగి చూశాను, పద్దెనిమిది సరుకులు. తేడా 64 రూపాయలు వచ్చింది, అదీ చింతపండు దగ్గర. బండికి పెట్రోలు, దారిలో టీ, పిల్లలు అడిగే మిక్స్చరు కలిపితే నష్టం. పెట్రోలుకైతే అటువాళ్ళే ఇటు రావాలి, ఒడిశాలో లీటరుకి ఆరేడు రూపాయలు తక్కువ. చుట్టాలు ఈసారి వచ్చినప్పుడు ట్యాంకు ఖాళీగా తెచ్చుకోమనండి, వెళ్ళేటప్పుడు నింపుకుంటారు.