బాగానే మోగుతున్న ఇంటి అలారంకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అవసరమా?

ఫర్మ్‌వేర్ (పరికరం లోపల ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తప్పకుండా అవసరమే, ఎందుకంటే మోగినంత మాత్రాన అలారం భద్రంగా ఉన్నట్టు కాదు. అమెరికాలోని సింప్లీసేఫ్ అలారంలో 2016 ఫిబ్రవరిలో బయటపడిన లోపాన్నే చూడండి: కీప్యాడ్‌పై నొక్కిన పిన్ ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చడం) లేకుండా రేడియో సంకేతంగా బేస్ స్టేషన్‌కు, అంటే అలారం ప్రధాన పెట్టెకు, చేరేది కాబట్టి, దగ్గర్లో పొంచి ఉన్నవాడు దాన్ని రికార్డు చేసుకొని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మళ్లీ పంపితే అలారం ఆగిపోతుందని సైబర్ భద్రతా సంస్థ ఐఓయాక్టివ్ పరిశోధకుడు ఆండ్రూ జోనెన్‌బర్గ్ నిరూపించారు. అంతకన్నా బాధాకరమైన విషయం, ఆ అలారంలోని చిప్పులను ఒక్కసారి మాత్రమే ప్రోగ్రామ్ చేయగలగడంతో, అమ్ముడైపోయిన పరికరాలను అప్‌డేట్‌తో సరిచేసే దారే లేకపోయింది. కనుక కొనే ముందే ఆ సదుపాయం గురించి అడగండి. అప్‌డేట్ సాగుతున్నంతసేపూ కరెంటు పోకుండా చూసుకొని, అయ్యాక ఒక్కో తలుపూ తెరిచి దాని సెన్సారు పలుకుతోందో లేదో పరీక్షించండి.