విజయవాడలో ధరలు పడేదాకా ఆగి ఇల్లు కొనడం మంచిదా?

పోరంకి, కానూరు వైపు ఫ్లాటు కొందామనుకుంటే అమరావతి పనులు మళ్ళీ మొదలై రేట్లు ఎక్కాయి, మార్కెట్ పడేదాకా ఆగనా అని అడిగారు. పడినా మీరు ఆశించినంత చౌకగా దొరకదు. మార్కెట్ చల్లబడి ఉన్న 2021లోనే నేను పోరంకిలో కొన్నాను.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. నాలుగు నెలలు తిరగకముందే లాక్‌డౌన్. అమరావతిలోని తుళ్ళూరు వైపు స్థలాలను అడిగే నాథుడు లేడు. బెజవాడ ఫ్లాట్ల సంగతి వేరు, నేను తిరిగినచోటల్లా ధర కన్నా ముందు అమ్మకాలే ఆగాయి. సొంతదారు పాత రేటు పట్టుకుని కూర్చుంటాడు, డబ్బు అవసరం లేకపోతే తాళం వేసి ఉంచుతాడు. మా అంతస్తులో అప్పటికి రెండు గుమ్మాలకే మామిడాకులు, మిగతా తలుపులకు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. వడ్డీ కడుతున్న బిల్డరు మాత్రం అమ్మక తప్పదు. అతనూ చదరపు అడుగు రేటు దించడు, దించితే ముందు కొన్నవాళ్ళు ఊరుకోరు కదా! మాకు కారు పార్కింగు, కప్‌బోర్డుల పని అదే ధరలో కలిపాడు, రిజిస్ట్రేషన్ ఖర్చులో కొంత భరించాడు. బేరం ఆడితే అక్కడే ఆడాలి.

ధర కన్నా వడ్డీయే ఎక్కువ తేడా తెస్తుంది. రిజర్వు బ్యాంకు 2020 మేలో రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 శాతానికి దించింది, 2022 మే నుంచి పెంచుతూ 2023 ఫిబ్రవరికి 6.5 చేసింది. 20 ఏళ్ళకు తీసుకున్న 40 లక్షల అప్పుకు 7 శాతమైతే నెలకు సుమారు 31 వేలు, 9 శాతమైతే 36 వేలు. పైగా వడ్డీ పెరిగినప్పుడు బ్యాంకులు చాలాసార్లు వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తాయి, అందుకే ఆ బరువు చాలామందికి వెంటనే తెలియదు. ఇప్పటి వడ్డీకి రెండు శాతం కలిపి లెక్క వేసుకోండి. ఆ వాయిదా కట్టగలిగితే ఆగనక్కరలేదు, లేకపోతే అద్దె ఇల్లే నయం.

ఇంకా నిర్మాణంలో ఉన్న ఫ్లాటు జోలికి వెళ్ళవద్దంటాను. కొన్నవాళ్ళు కట్టిన సొమ్ములో 70 శాతం బిల్డరు విడి ఖాతాలో ఉంచాలని స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా చెబుతుంది, కానీ అమ్మకాలు ఆగితే పనీ ఆగుతుంది. కట్టడం పూర్తయింది, చేరవచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాటుకు జీఎస్టీ కూడా ఉండదు.

సింగ్ నగర్ వైపు చౌకగా వస్తే 2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తుంచుకోండి. కింది అంతస్తు గోడల మీద కొత్త రంగు ఎంత ఎత్తు వరకు ఉందో, కరెంటు మీటర్లు ఎక్కడికి మార్చారో చూడండి. ఏ అపార్టుమెంటైనా సరే, అడ్వాన్సు ఇచ్చేముందు వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి ఎన్ని కుటుంబాలు ఉంటున్నాయో, అమ్ముడుపోని ఫ్లాట్ల మెయింటెనెన్సు ఎవరు కడుతున్నారో అడగండి. బిల్డరు కట్టడం లేదంటే ఆ భారం మీ మీదే పడుతుంది.