వయసు మించిపోయిందా అని అడిగిన తమ్ముడికి

మీ ప్రశ్న ఇదీ: వయసు 36, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, ఊళ్ళో అమ్మానాన్నలు సంబంధాలు చూస్తున్నారు. గే అన్న సంగతి మీకు మీరు ఒప్పుకుని ఏడాది కూడా కాలేదు. ఈ వయసులో ఇంకేం ప్రేమ దొరుకుతుంది, నోరు మూసుకుని పెళ్ళి చేసుకోవడమే నయమా అని.

నాకు 54, నేనూ మీలాంటివాణ్ణే. మాది అనంతపురం, బెంగళూరు వచ్చి సగం జీవితం పైనే అయింది. ముందు పెళ్ళి సంగతి తేల్చేస్తాను: చేసుకోకండి. నాతో ఉంటున్నాయన నెల్లూరువాడు. 27వ ఏట పెద్దవాళ్ళ మాట కాదనలేక చేసుకున్నాడు. ‘పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయి’ అన్నారట. ఏమీ సర్దుకోలేదు. ఆవిడ మాత్రం ఒళ్ళొచ్చిందనా, రంగు తక్కువనా అని అద్దం ముందు నిలబడి అడిగేదట. విడాకుల నాటికి వాళ్ళ పాపకు ఎనిమిదేళ్ళు. ‘ఈ మాట మొదటి ఏడే చెప్పుంటే నా బతుకు నేను చూసుకునేదాన్ని కదా’ అందట.

ఇక ప్రేమ. నా ఇరవైల్లో ప్రేమకంటే భయమే ఎక్కువ. 90ల్లో మాలాంటివాళ్ళం కలుసుకునే చోటు కబ్బన్ పార్కు. చీకటి పడ్డాక పక్కన కూర్చున్నవాడు మనవాడో, ‘మీ ఆఫీసుకు చెప్తా’ అని జేబు ఖాళీ చేయించేవాడో తెలిసేది కాదు. అప్పుడు మగవాళ్ళ మధ్య సంబంధం నేరమనే 377 సెక్షన్ కింద జీవిత ఖైదు దాకా వేయొచ్చు, ఇంక ఎవరికి ఫిర్యాదు చేస్తాం? అందరివీ దొంగ పేర్లే. నేను రెండేళ్ళు ప్రేమించినవాడి అసలు పేరు వాడి పెళ్ళి శుభలేఖలో చూశాను.

మనసు కుదుటపడింది ‘గుడ్ యాజ్ యూ’ వల్ల. 1994లో బెంగళూరులో మొదలైన మాలాంటివాళ్ళ గ్రూపు, గురువారాలు కలుసుకునేవాళ్ళం. మొదట్లో నోరు విప్పలేదు. అక్కడ ఒకాయన బీపీ మాత్రల గురించి, ఇంటి ఓనరు గురించి మాట్లాడుతుంటే ఆశ్చర్యమేసింది. మనవాళ్ళకూ ఇంత మామూలు జీవితం ఉంటుందా అని!

ఇప్పటి కుర్రాళ్ళు వేరు. ఇరవై మూడేళ్ళవాడు ఆఫీసులో అందరికీ చెప్పేసి, నమ్మ ప్రైడ్ అని మనవాళ్ళు బెంగళూరులో చేసే ఊరేగింపులో జెండా పట్టుకుని నడుస్తాడు. చూస్తే సంతోషమే, కాస్త కడుపుమంట కూడా, అబద్ధమెందుకు. కానీ వాళ్ళ బాధలు వాళ్ళవి. గ్రైండర్ అనే డేటింగ్ యాప్‌లో పదిమంది హాయ్ చెప్తారు, ఆదివారం కలిసి టిఫిన్ తినడానికి ఒక్కడుండడు. మీరూ ఆ యాప్‌లు చూస్తుంటారు కాబట్టి చెప్తున్నా, మొదటిసారి ఎవరినైనా నలుగురూ ఉండే హోటల్లోనే కలవండి. ఫోటోలు పెట్టుకుని బెదిరించి డబ్బు గుంజేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మనది నేరం కాదు, వాళ్ళ బెదిరింపే నేరం. ఒక్కసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు, ఇవ్వకండి.

ఇంట్లో చెప్తే డాక్టరు దగ్గరకు లాక్కెళ్తారని రాశారు. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. మార్చేస్తామంటూ చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పని, మద్రాస్ హైకోర్టు ఆదేశాల తర్వాత, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ ప్రకటించింది. అలాంటి డాక్టరు ఎదురైతే ఈ ముక్క మొహం మీదే చెప్పొచ్చు.

మా అమ్మకు నేను చెప్పింది 2009లో, మనది నేరం కాదని ఢిల్లీ హైకోర్టు మొదటి తీర్పు వచ్చిన ఏడాది చలికాలం. అప్పటికి మా మేనమామ కూతురికి వేరేచోట పెళ్ళయిపోయింది కాబట్టి ఇంట్లో ఒక పోరు తగ్గింది. అమ్మ పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని కూర్చుంది. వేళ్ళ మధ్య నొక్కితే పప్పు గిన్నెలో పడుతోంది, తొక్క చేతిలో మిగులుతోంది. నేను చెప్పడం అయిపోయినా చేయి ఆగలేదు. చాలాసేపటికి, ‘మరి జ్వరమొస్తే నీళ్ళెవరిస్తార్రా?’ అంది. పాపమనో పరువనో అంటుందని జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను గానీ, దీనికి నా దగ్గర జవాబు లేదు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసినప్పుడు ఫోన్ చేసి, ‘పోలీసులేమైనా వస్తారా’ అని గొంతు తగ్గించి అడిగింది. నాన్నకు మాత్రం చెప్పలేదు. అందరికీ చెప్పాలని రూలేం లేదు.

నాతో ఉంటున్న ఆ నెల్లూరాయన పరిచయమయ్యేసరికి నాకు 43. గుండె దడ, నిద్ర పట్టకపోవడం అవేం లేవు. ఇద్దరికీ షుగరు, ఇద్దరికీ రాత్రి పెందలాడే తినే అలవాటు. కొన్ని నెలలకు, మెడికల్ షాపుకి వెళ్తే అతని మాత్రలు కూడా నేనే తెస్తున్నానని గమనించాను. ఇరవైల్లో అయితే ఇలాంటివాణ్ణి తలెత్తి చూసేవాణ్ణి కాదు. కాబట్టి నా లెక్కన మీకింకా చాలా టైముంది.

ఆ మధ్య అతనికి ఆపరేషన్ అయితే, ఆసుపత్రిలో ‘మీరేమవుతారు?’ అని అడిగి, ఫ్రెండ్ అనగానే నన్ను పక్కన కూర్చోబెట్టి, నెల్లూరు నుంచి వాళ్ళ తమ్ముడొచ్చి సంతకం పెట్టేదాకా ఆగారు. మన పెళ్ళిళ్ళకు గుర్తింపు ఇవ్వలేమని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అందుకని కాగితాలు మనమే చూసుకోవాలి. మనలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. మేం ఆ పని చేశాం. నామినీ అంటే డబ్బు చేతికి వస్తుందంతే, వారసుడు అయిపోడు, కాబట్టి వీలునామాలు కూడా రాసుకున్నాం. స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు, ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, రేపు అన్నదమ్ములు గొడవ పెట్టకుండా చేయించాం. అతని ఫ్లాటు మాత్రం వాళ్ళ పాప పేరునే రాయించాను. అక్కడ నేనే పట్టుబట్టాను.